మూడో కడుగు

జూన్ 16, 2003. సోమవారం

విజయవాడ క్లాసులు నిన్నటితో అయిపోయాయి. మూడు రోజులు, ఏసీ హాలు, రెండు పూటలా భోజనం. నాయకత్వం గురించి చెప్పినాయన చివర్లో తలా ఒక డైరీ ఇచ్చాడు. నలభై రోజులు రాయండి, ఎవరికీ చూపించకండి, మీ గురించి మీకే కొత్త సంగతులు తెలుస్తాయి అన్నాడు. నా గురించి నాకు తెలియనివి ఏముంటాయో చూద్దాం.

మొదట రాయాల్సింది ఇది. మా ఓనరు యలమందగారు గుడివాడలో రెండో యూనిట్ పెడుతున్నారు. ఇక ఆయన అక్కడే కూర్చుంటారు. ఇక్కడ బందరులో మా రోల్డ్‌గోల్డ్ యూనిట్‌కి జనరల్ మేనేజర్‌ని వెయ్యాలి. శ్రావణమాసం సరుకు బయల్దేరాక పేరు చెబుతానన్నారు. ఇప్పుడున్న మేనేజర్ని నేను. పదకొండేళ్ళ నుంచీ నేనే. బి.కామ్ చదివింది నేనే. డబ్బు కట్టి క్లాసులకి పంపిందీ నన్నే. ఇంకెవరున్నారు కనుక?

మా ఆవిడ ఆండాళ్‌కి ఇంకా చెప్పలేదు. చెప్తే వాళ్ళ అక్కకి వెంటనే ఎస్టీడీ చేస్తుంది.

జూన్ 17

పొద్దున తొమ్మిదింటికి అందర్నీ వరండాలో నిలబెట్టి మీటింగ్ పెట్టాను. ఇక రోజూ ఉంటుంది. నిలబడి పెడితే త్వరగా అయిపోతుందని క్లాసులో చెప్పారు. నలభై నిమిషాలు మాట్లాడాను. ముప్ఫై నాలుగు మందీ కళ్ళార్పకుండా విన్నారు. సందేహాలుంటే అడగండి అంటే పుష్పావతి చెయ్యెత్తింది. చెకింగ్ సెక్షన్ చూస్తుంది, పంతొమ్మిదేళ్ళ సర్వీసు.

"పూత తొట్టి వేడెక్కి అరగంటయిందండీ. వెళ్ళమంటారా?"

పని మీద శ్రద్ధ అంటే అలా ఉండాలి. నా మాటలు బాగానే ఎక్కాయి.

జూన్ 18

వృథా ఎక్కడుందో వెతకండి అని క్లాసులో అన్నారు. వెతికాను. దొరికింది.

గొలుసుకి అతుకులు పెట్టాక ఆసిడ్‌లో ముంచుతారు. తర్వాత వరసగా మూడు తొట్లలో మూడుసార్లు కడిగి, అప్పుడు బంగారు పూతకి పంపుతారు. మూడో తొట్టి దగ్గర అరగంట నిలబడి చూశాను. అందులో నీళ్ళు తేటగా, తాగేలా ఉన్నాయి. మురికి లేని నీళ్ళలో కడగడం దేనికి? మూడో కడుగు తీసేశాను. రోజుకి గంటన్నర మిగులుతుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

జూన్ 20

క్లాసువాళ్ళు ఇచ్చిన హోంవర్క్: పదిమందికి చీటీలిచ్చి, పేరు రాయకుండా మీలోని ఒక లోపం రాయమనండి. ఇచ్చాను. సాయంత్రానికి పదీ వచ్చాయి. పదింటిలోనూ ఒకటే మాట, "సార్‌లో ఏ లోపమూ లేదు."

కొంచెం సిగ్గేసింది కానీ, సంతోషమే. ఇంటికి తెచ్చి ఆండాళ్‌కి చూపించాను.

"పదీ ఒకళ్ళే రాసినట్టున్నాయండీ" అంది.

ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు, అక్షరాలు అలాగే ఉంటాయి అన్నాను.

"ఖాళీ చీటీ ఒకటి మిగిలితే ఇలా ఇవ్వండి, పదకొండోది నేను రాస్తాను."

మిగల్లేదు అన్నాను. నిజానికి రెండు మిగిలాయి.

జూన్ 23

విశాఖపట్నం నుంచి పెద్ద ఆర్డర్. కొత్త డిజైను నల్లపూసల గొలుసులు, రెండు వందల డజన్లు. జూలై 19కి లారీ ఎక్కాలి. యలమందగారు నా భుజం తట్టి "ఇది నువ్వు దాటించు ప్రద్యుమ్నా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. మిగతాది అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు.

జూన్ 26

కొత్త డిజైను మొదటి గొలుసు తయారైంది. దాన్ని పుష్పావతి కాగితంలో చుట్టి గిలకలదిండి సువర్ణకి ఇవ్వబోతుంటే పట్టుకున్నాను. సువర్ణ ఆ రేవు ఊరి నుంచి వచ్చి మా వీధిలో చేపలమ్మే మనిషి. కొత్త డిజైను ఏది వచ్చినా మొదటి గొలుసు ఆమె మెడలో పది రోజులు ఉండాలట. చెమట, ఉప్పునీళ్ళు, చేపల తడి, ఎండ అన్నీ తగిలి కూడా నల్లబడకపోతేనే సరుకు పాస్. యలమందగారి నాన్నగారి కాలం నుంచీ ఇదే పద్ధతట. పదకొండేళ్ళుగా నా ముక్కు కిందే జరుగుతోంది.

పది రోజులు! ఇకమీదట ఈ పరీక్ష వద్దన్నాను. స్టీలు గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి గొలుసు వేసి ఒక పూట ఉంచితే తేలిపోతుంది. ఇది శాస్త్రీయం.

"అలాగేనండి" అంది పుష్పావతి.

ఒక్క మాట ఎదురు చెప్పలేదు. క్లాసులకి ముందయితే గంట వాదించేది.

జూన్ 27

ఉప్పునీళ్ళ పరీక్ష పాస్.

జూన్ 30. అవనిగడ్డ

దివిసీమ కొట్లన్నీ ఒకసారి చుట్టి రమ్మన్నారు యలమందగారు. పొద్దున చల్లపల్లిలో దిగి నాలుగు కొట్లు చూసుకుని మధ్యాహ్నానికి ఇక్కడికి వచ్చాను. రమణమ్మగారి ఫ్యాన్సీ కొట్లో పది నిమిషాలు కూర్చుందామని వెళ్ళి మూడు గంటలున్నాను. వచ్చే ఆడవాళ్ళు గొలుసులు తిరగేస్తుంటే వినడం భలేగా ఉంది. ఒకావిడ కొక్కెంలో వెనక జుట్టు ఇరుక్కుంటోందంది. ఇంకొకావిడ, పొలంలో వంగితే లాకెట్టు వచ్చి పళ్ళకి తగులుతోందని వంగి మరీ చూపించింది. అన్నీ రాసుకున్నాను.

"నువ్వొచ్చి కూర్చుంటే బేరాలు బాగా సాగుతాయి బాబూ. మాట్లాడవు, వింటావు" అంది రమణమ్మగారు.

ఆండాళ్ వినుంటే బాగుండేది.

జూలై 3

నేను లేని మూడు రోజుల్లో ముప్ఫై ఆరు డజన్లు అయ్యాయి. నేనున్న మూడు రోజుల్లో ఇరవై రెండు. మొదట నాకూ వింతగా అనిపించింది. ఆలోచిస్తే కారణం తెలిసింది. నేను చెప్పినవి వాళ్ళలో ఇంకడానికి కొంత సమయం పడుతుంది. ఇంకేసరికి నేను ఊళ్ళో లేను.

జూలై 5

నేనున్నాను. ఏడు డజన్లు. వాన పడింది, అందుకని.

జూలై 7

నేనున్నాను. ఎనిమిది. వాన లేదు.

జూలై 8

ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

భోజనాలయ్యాక పుష్పావతి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. వెనక సువర్ణ. గంప గుమ్మం బయట దించి వచ్చింది.

"పూత ఆపించానండీ" అంది పుష్పావతి.

"ఎవరు ఆపమన్నారు?"

"ఈవిడ మెడ చూడండి."

మెడ చుట్టూ కాటుకతో గీసినట్టు నల్లటి గీత. సువర్ణ గొలుసు తీసి టేబుల్ మీద పెట్టింది. లింకుల మధ్యంతా నలుపే.

"మెడకి ఈ మసేంటే, దిష్టికి పెట్టుకున్నావా అనడుగుతున్నారు బాబుగారూ. నాకు దిష్టి పెట్టేదెవరు?" అని నవ్వింది సువర్ణ. నాకు నవ్వు రాలేదు.

"ఈ పరీక్ష వద్దని చెప్పాను కదా! అలాగేనండి అన్నావు కదా!"

"ఆపానండీ. మీ ముందు ఆపాను."

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో నాకు తిక్క రేగింది. ఇక్కడ మేనేజర్ నువ్వా నేనా అని అరిచాను. అందరూ విన్నారు. పుష్పావతి తన మెడలో గొలుసు తీసి సువర్ణ గొలుసు పక్కన పెట్టింది. అదే డిజైను. మచ్చ లేదు.

"ఇది మూడు కడుగులదండీ. మొదటి రోజు విడిగా ఒకటి చేయించి నేను వేసుకున్నాను. ఆసిడ్ లింకుల్లో దాక్కుంటుంది, మూడో నీళ్ళకి గానీ వదలదు. ఆ నీళ్ళు తేటగానే కనిపిస్తాయండీ."

తొంభై డజన్లు పెట్టెల్లో ఉన్నాయి. నేను మిగిల్చిన గంటన్నరలన్నీ వాటిలోనే ఉన్నాయి. అవి విశాఖపట్నం వెళ్ళి, శ్రావణ శుక్రవారం పూట తొంభై డజన్ల మెడలు నల్లబడితే ఇక మా పేరు చెప్పి ఎవరూ కొనరు. రెండు గొలుసులూ చేతుల్లోకి తీసుకుని చూశాను.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. పదకొండేళ్ళలో ఈ మాట ఆమెని అడగడం ఇదే మొదటిసారి. రాస్తుంటే తెలిసింది.

ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. తొంభై డజన్లకీ పూత తీసేసి, మూడుసార్లు కడిగి, మళ్ళీ వెయ్యాలి. ఆదివారం కూడా పని పెట్టుకోవాలి. మూడు కడుగుల గొలుసు ఇవాళే సువర్ణ మెడలో వెయ్యాలి, పద్దెనిమిదికి పది రోజులవుతుంది. అంతా చెప్పి కాసేపు నసిగింది.

"మీరేం అనుకోనంటే, పొద్దున మీటింగు కూడా ఈ పది రోజులూ ఆపుదామండీ."

జూలై 9

ఇవాళ రాయడానికేమీ లేదు.

జూలై 11

పుష్పావతి నాకు అట్టపెట్టెలు మడిచే పని ఇచ్చింది. వరండాలో కూర్చుని మడుస్తున్నాను. లోపల పటకార్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. పుష్పావతి ఒక్కోచోట ఆగుతుంది, గొలుసు వేళ్ళ మధ్య తిప్పుతుంది, ముందుకి వెళ్తుంది. ఇబ్బంది ఉంటే పనివాళ్ళే ఆమెని పిలిచి చెప్పేస్తున్నారు. ఇదంతా ఇన్నాళ్ళూ ఎక్కడుంది?

పిలవందే లోపలికి వెళ్ళకూడదనుకున్నాను. మూడుసార్లు వెళ్ళాను.

జూలై 14

ఇవాళ ఒక్కసారే వెళ్ళాను. ఇరవై ఒక్క డజన్లు.

జూలై 18

సువర్ణ వచ్చేసరికి అందరూ పనులొదిలి గుమ్మం దగ్గర గుమిగూడారు. పెళ్ళికూతురు కారు దిగినప్పుడు కూడా ఇంత సందడి ఉండదు. ఆమె బడాయిగా తలెత్తి మెడ అటూ ఇటూ తిప్పి చూపించింది. శుభ్రంగా ఉంది! గొలుసు నిన్న వేసుకున్నట్టుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకైతే ఏడుపొచ్చినంత పనయింది. పరుగెత్తుకెళ్ళి రెండు కిలోల బందరు లడ్డు తెచ్చాను. సువర్ణ ఒకటి తిని మూడు కొంగున కట్టుకుంది.

జూలై 19. శనివారం

రెండు వందల డజన్లూ లారీ ఎక్కాయి.

యలమందగారు గుడివాడ నుంచి వచ్చి అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "తొంభై డజన్లు ఆపించి మళ్ళీ చేయించావటగా! గడువు తరుముకొస్తుంటే ఎవడాపుతాడయ్యా! పుష్పావతి చెప్పింది, మేనేజరుగారే ఆపించారండీ అని. సోమవారం నుంచి నువ్వు జనరల్ మేనేజర్‌వి."

పుష్పావతి వైపు చూశాను. ఆమె తొట్లు కడిగిస్తోంది.

యలమందగారికి చెబుదామనే నోరు తెరిచాను. ఇంతలో ఆయనకి సెల్ మోగింది.

జూలై 20

ఆండాళ్‌కి ఎవరో చెప్పేశారు. వాళ్ళ అక్కకి ఎస్టీడీ చేసింది. పూర్ణాలు వండింది. నాలుగు తిన్నాను, ఐదోది దిగలేదు.

రేపు చెబుతాను.

జూలై 21

యలమందగారు గుడివాడలో ఉన్నారు. ఇలాంటివి ఫోన్‌లో చెప్పకూడదు.

జూలై 22

వచ్చారు కానీ పక్కన ఎవరో ఉన్నారు.

జూలై 23

నిదానంగా ఆలోచిస్తే, నేను మేనేజర్ని. యూనిట్‌లో ఏం జరిగినా నా కింద జరిగినట్టే. ఆమె ఆపింది అంటే ఒకరకంగా నేను ఆపినట్టే. ఆమె కూడా అదే చెప్పింది కదా. ఆమె చెప్పింది కాదనడం ఆమెనే అవమానించడం అవుతుందేమో.

ఆయన పక్కన మనుషులున్నది నిన్న. ఇవాళ ఒక్కరే ఉన్నారు.

జూలై 24

బోర్డులు రాసే కృపానందం వచ్చి నా గది తలుపు మీద సుద్దతో అక్షరాలు గీశాడు. ప్రద్యుమ్న, జనరల్ మేనేజర్. బి.కామ్ పక్కన రాయాలా, కింద రాయాలా అనడిగాడు. పక్కన రాస్తే ఎలా ఉంటుందోనని వెనక్కి నడిచి చూస్తున్నాను. పుష్పావతి గొలుసుల ట్రేతో అటుగా వచ్చింది. ఆగి మొత్తం చదివింది.

"బాగుందండీ" అని లోపలికి వెళ్ళింది.

వెటకారం లేదు. కోపమూ లేదు. ఇక్కడ పై అధికారికి మాట రానివ్వకూడదు కాబట్టి ఆవిడ రానివ్వలేదు, అంతే. ఆ రోజు ఆవిడ మీద అందరూ వినేలా అరిచాను. పొగిడినప్పుడు మాత్రం అందరి ముందూ నోరు మూసుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. రంగు వెయ్యకు, ఉండు అన్నాను కృపానందంతో.

జూలై 25. శుక్రవారం

పొద్దున ప్యాసింజర్‌కి గుడివాడ వెళ్ళాను. యలమందగారు కొత్త షెడ్డు ముందు ఇసుక కుప్ప మీద నిలబడి రేకులు వేయిస్తున్నారు. పక్కన ముగ్గురున్నారు. ఉంటే ఉన్నారని మొత్తం చెప్పేశాను. మూడో కడుగు తీసేసింది నేనని, పరీక్ష వద్దన్నదీ నేనేనని, ఆపింది పుష్పావతిగారని, ఆవిడ మీద అరిచానని, మీరు పొగుడుతుంటే విన్నానని.

ఆయన మొహం ఎర్రబడింది. "ఆరు రోజులు పట్టిందా ఈ ముక్క చెప్పడానికి?"

"పట్టిందండీ."

"మరి నిన్నేం చెయ్యమంటావ్ ఇప్పుడు?"

"ఆవిణ్ణి జనరల్ మేనేజర్ని చెయ్యండి. నేను ఊళ్ళో లేని రోజున పని ఎక్కువవుతోంది, లెక్క చూసుకున్నాను. నేను లోపలుంటే మాట్లాడతాను. అదే కొట్లలో కూర్చుంటే వింటాను, సరుకు అమ్ముడుపోతుంది. నన్ను దివిసీమ లైన్ మీద తిరగనివ్వండి."

"ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆఫీసులవాళ్ళొస్తే ఎవరు మాట్లాడతారు?"

"ఆ కాగితాలు నేను చూసి పెడతానండీ. సంతకం ఆవిడది."

ఆయన వెళ్ళి రేకులు వేసేవాళ్ళ మీద ఒకసారి కేకలేసి వచ్చారు.

"క్లాసులకి పంపినప్పుడు నువ్వు మేనేజర్ అయి వస్తావనుకున్నానయ్యా, సేల్స్‌మన్ అయి వచ్చావు" అన్నారు. అప్పటికి ఆయన మొహం కాస్త సడలింది. "ఆవిణ్ణి నువ్వే అడుగు. ఒప్పుకుంటే కుర్చీ ఆవిడది. ఒప్పుకోకపోతే ఇద్దర్నీ తిడతాను."

తిరుగు రైల్లో కిటికీ పక్కన నిద్రపట్టేసింది. వారం రోజుల బట్టీ సరిగ్గా నిద్ర లేదు.

జూలై 26

ఆండాళ్‌కి చెప్పాను.

"మంచి పని చేశారు" అంది. ఆ వెంటనే, "అక్కకి ఫోన్ మాత్రం మీరే చెయ్యాలి" అంది.

జూలై 28

నలభై రోజులూ దాటిపోయాయి. అయినా రాస్తున్నాను.

పుష్పావతిగారిని అడగడానికి నా గదిలోకి పిలవలేదు. చెకింగ్ టేబుల్ దగ్గరికి వెళ్ళి, ముప్ఫై నాలుగు మందీ వినేలా, ఆపింది మీరు, నేను కాదు అని చెప్పి, తర్వాత అడిగాను. ఆవిడ గొలుసు కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటకేనేమో.

"వీళ్ళు నన్ను పుష్పక్కా అంటారండీ. మేడం అనరు."

"అననక్కర్లేదండీ."

"ఆ గది కూడా వద్దండీ నాకు. ఇక్కడే టేబుల్ వేయించండి. అక్కడ్నుంచి తొట్టి కనపడదు." ఇంకేదో ఉంది, పైకి రావడం లేదు. చెప్పండి అన్నాను. "మీరు ఊరి నుంచి వచ్చినప్పుడు, ఏదన్నా మార్చాలనిపిస్తే, ముందు నాకొక మాట చెప్పండి."

ఈ పదకొండేళ్ళలో ఆవిడ నాతో నా మొహం మీద చెప్పిన మొదటి లోపం ఇది. నాకెందుకో చాలా సంతోషం వేసింది.

ఆగస్టు 5, మంగళవారం. అవనిగడ్డ

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. రమణమ్మగారి కొట్టు ఆడవాళ్ళతో కిటకిటలాడిపోతోంది.

"రా మేనేజరుబాబూ" అంది.

"మేనేజర్ని కాదండీ ఇప్పుడు. మా మేనేజరు పుష్పావతిగారు. నేను అమ్మకాలు చూస్తున్నాను."

ఆ మాట అనేటప్పుడు నాలుక తడబడుతుందేమోనని బస్సులో దారంతా భయపడ్డాను. తడబడలేదు.

"తీసేశారా?"

"లేదండీ, నేనే అడిగి మారాను."

ఆవిడ నమ్మలేదు. పోనీలే. నేను తెచ్చిన పెట్టెలోంచి కొత్త నల్లపూసల గొలుసు తీసి వెలుతురులో పట్టుకుంది. లింకులు గోటితో గీకి చూసింది. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా బేరాలాపి మా వైపు తిరిగారు.

"ఇది నల్లబడదని ఎవరు చెప్తున్నారు? నువ్వా, మీ మేనేజరా?"

గట్టిగా ఊపిరి తీసుకున్నాను. చెప్పడానికి నా దగ్గర పది నిమిషాల సరుకుంది.

"మా మేనేజరేనండీ" అన్నాను.

"అయితే ఐదు డజన్లు ఇక్కడ పెట్టు" అంది రమణమ్మగారు.